ఐదుగురు మనుషులు, ఒక గేదె, ఆరు గొర్రెలు: ఎన్ని ఎకరాలు కావాలి?

బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో ఊరికి తిరిగి రావాలనుకునేవాళ్లు వారానికి ఒకరైనా నన్ను ఇదే అడుగుతారు: "మా తిండి మేమే పండించుకుని, పాడి పెట్టుకుని బతకడానికి ఎంత భూమి కొనాలి?" చాలామంది మనసులో జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: ఎకరం. ఎక్కడో నీళ్లున్న ఊళ్లో ఎవరో ఎకరంలోనే అన్నీ పండించారని చూసి ఉంటారు. మా కళ్యాణదుర్గం వైపు ఎర్రనేలలో ఎకరం భూమి ఒక్క గేదెకు ఏడాది ఎండుమేత కూడా ఇవ్వదు.

తొందరలో ఉన్నవాళ్ల కోసం జవాబు ముందే చెబుతాను. అనంతపురం వైపు ఎర్రనేల, ఎండాకాలంలో ఆగిపోని చిన్న బోరు ఉంటే 5 ఎకరాలు. బోరు లేకపోతే 8 నుంచి 10, అప్పుడు కూడా గేదె ఊసు ఎత్తకండి. నంద్యాల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి అయితే 4. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద నీళ్లు నిజంగా అందే పొలమైతే రెండున్నర చాలు. ఇవి నేను వేసుకున్న లెక్కలు. మీ ఇంటికి, మీ నేలకు అంకె మారుతుంది కాబట్టి లెక్క ఎలా వేయాలో కింద చెబుతున్నాను.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

ఒక నోటుపుస్తకం, 20 లీటర్ల బకెట్, గడియారం, వేలాడదీసి తూచే కాటా, పొడవాటి టేపు, ఒక పార. మీరు చూస్తున్న భూమి పక్కనే ముప్పై ఏళ్లుగా సేద్యం చేస్తున్న రైతు ఒకరు కూడా కావాలి. ఆయనకు రెండు పూటలు టీ తాగించడమే ఈ పనిలో మీరు పెట్టే అన్నిటికంటే లాభసాటి ఖర్చు.

కొలతల్లో తడబడకుండా ఇవి రాసుకోండి: ఎకరం అంటే 100 సెంట్లు, సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, హెక్టారు అంటే దాదాపు 2.47 ఎకరాలు. ఎకరం మీద ఒక అంగుళం వాన పడితే సుమారు లక్ష లీటర్ల నీళ్లు పడినట్లు.

1. నోళ్లు లెక్కపెట్టండి, పశువులవి ముందు

అందరూ ఇంట్లో మనుషులతో మొదలుపెడతారు. అది తిరగేసిన లెక్క. ఐదుగురు మనుషులు ఏడాదికి తినే గింజలు ఆరేడు క్వింటాళ్లు. ఒక్క గేదె ఏడాదికి తినేది, తేమ తీసేసి ఎండు లెక్కన చూసినా, నాలుగు టన్నుల దాకా ఉంటుంది. భూమి ఎంత కావాలో తేల్చేది పశువు నోరు.

లెక్క సులువు. పాడి పశువు రోజుకు తన బరువులో నూటికి రెండున్నర నుంచి మూడు వంతులు ఎండు పదార్థం తింటుంది. 400 కిలోల గేదెకు అది 10 నుంచి 12 కిలోలు. 250, 300 కిలోల నాటు ఆవుకు 7, 8 కిలోలు. పెద్ద గొర్రెకు, మేకకు రోజుకు దాదాపు కిలో. అంటే పది గొర్రెలు ఒక గేదెతో సమానం. "గొర్రెలే కదా, వాటంతటవే మేసివస్తాయి" అనేవాళ్లు ఈ వాక్యం గోడ మీద రాసుకోవాలి. మేసివచ్చే గుట్ట మీది కాదు. ఊరి మందలన్నీ మేసే గుట్ట ఏప్రిల్ నాటికి రాళ్లే.

ఈ వ్యాసంలో నేను తీసుకున్న మంద ఇది: ఒక గేదె, దాని దూడ, ఆరు తల్లి గొర్రెలు, డజను నాటుకోళ్లు. గొర్రెపిల్లలను ఎండాకాలం రాకముందే అమ్మేస్తాం.

పుంగనూరు ఆవు సంగతి అడుగుతారని తెలుసు. పొట్టి ఆవు, తక్కువ తింటుంది, నిజమే. కానీ ఇప్పుడది పెరట్లో ముచ్చటకు కొనే ఆవు అయింది, ధర కూడా అలాగే ఉంది. ఆ డబ్బుతో మేత వేసుకునే భూమి కొనుక్కోవచ్చు.

ఎద్దుల జత వద్దా? ఐదెకరాలకు వద్దు. జత ఎద్దులు తినే ఎండుమేతకే మూడు నాలుగు ఎకరాల చొప్ప పోతుంది. దుక్కికి ట్రాక్టరు, గుంటకకు ఊళ్లో ఎవరి ఎద్దులనైనా బాడుగకు తెచ్చుకోండి. పదెకరాలు దాటితే అప్పుడు ఆలోచించవచ్చు.

2. మేతను భూమిగా మార్చండి

గేదెకు రోజుకు 20 కిలోల పచ్చిమేత, 6 కిలోల ఎండుమేత, పాలిచ్చే రోజుల్లో దాణా. ఎండుమేత ఏడాదికి 2,200 కిలోలు. మెట్టలో జొన్న వేస్తే ఎకరానికి టన్ను, టన్నుంపావు చొప్ప వస్తుందని లెక్కించండి. వేరుశనగ కట్టె, అంటే కాయలు కోశాక మిగిలే ఎండు తీగ, ఎకరానికి 700 కిలోలు అనుకోండి. కట్టె చొప్ప కంటే బలమైన మేత, పశువులు ఇష్టంగా తింటాయి. అయితే కుప్ప మీద వాన పడి బూజు పట్టిన కట్టెను మాత్రం పెట్టకండి. పారేయడానికి మనసొప్పదు, అయినా దిబ్బలోకే వేయండి.

పచ్చిమేతకు బోరు కింద 25 సెంట్లలో సూపర్ నేపియర్ గానీ కో-4 గానీ గడ్డి నాటుకోండి. ఎకరాకు 150 టన్నులు వస్తుందని విత్తన ముక్కలు అమ్మేవాళ్లు చెబుతారు. మీరు 60 టన్నులు అని రాసుకోండి. అలా చూసినా 25 సెంట్లకు ఏడాదికి 15 టన్నులు, రోజుకు 40 కిలోలు. గేదెకు పోను మిగిలింది దూడకు, గొర్రెలకు. ఆ 25 సెంట్లను తొమ్మిది మడులు చేసి, మడిని ఐదేసి రోజులు కోస్తే 45 రోజులకు మళ్లీ మొదటి మడికి వస్తారు. గట్ల మీద అవిసె, ఒక వరుస దశరథ గడ్డి వేస్తే దాణా ఖర్చు కొంత తగ్గుతుంది. గడ్డి కత్తిరించే యంత్రం లేకపోతే మొదళ్లన్నీ పశువు కాళ్ల కింద తొక్కేస్తుంది, కాబట్టి అది లెక్కలో పెట్టుకోండి.

హెచ్చరిక: వానలేక వాడిన లేత జొన్నను, కోసిన తరువాత మోళ్ల నుంచి వచ్చిన పిలకలను పశువుకు పెట్టకండి, అటు తోలకండి. వాటితో ఎక్కే విషాన్నే నాము అంటారు. కడుపు నిండా మేసిన పశువు గంటలోపే పడిపోవచ్చు. ఊపిరి ఎగబీలుస్తూ, నోట చొంగ కారుస్తూ కనబడితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి. వెంటనే పశువైద్యుడికి గానీ పశువుల అంబులెన్స్ నంబరు 1962కు గానీ ఫోను చేయండి. సమయానికి విరుగుడు ఇంజెక్షన్ పడితే బతుకుతుంది.

3. ఇంటి తిండి లెక్క

ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏడాదికి నా అంచనా ఇలా ఉంటుంది.

- గింజలు: 6 క్వింటాళ్లు తినడానికి. సగం జొన్న, రాగి అనుకుంటే వాటిలో తరుగు లేదు. మిగతా సగం కొర్ర అనుకుంటే, క్వింటా కొర్రలు దంచితే 60, 65 కిలోల బియ్యమే వస్తుంది. అందుకని పండించవలసింది సుమారు 8 క్వింటాళ్లు. కోళ్లకు మరో క్వింటా.
- పప్పులు: క్వింటాకు పైగా. కంది, అలసంద, పెసర, ఉలవ కలిపి.
- నూనె: 25 కిలోలు. గానుగలో వంద కిలోల విత్తుకు 40 కిలోల నూనె అనుకుంటే 62 కిలోల విత్తు కావాలి, అంటే కాయలు దాదాపు ఒక క్వింటా.
- పచ్చడికి, పిల్లలు తినడానికి మరో 50 కిలోల కాయలు.
- కూరగాయలు, ఆకుకూరలు, మిరప: 15 సెంట్లు, నీళ్లుంటే.
- చింతపండు: ఒక్క పెద్ద చెట్టు చాలు, పంచిపెట్టగా మిగులుతుంది.

ఇక్కడ అందరూ మరిచేది విత్తనం. ఎకరా వేరుశనగకు వచ్చే ఏడాది విత్తడానికి 80 కిలోల కాయలు పక్కన పెట్టాలి. అది తిన్నారంటే జూన్‌లో అప్పు చేసి కొనాలి, అప్పుడు ధర మీ చేతిలో ఉండదు.

వరి అన్నం సంగతి కూడా తేల్చుకోండి. మెట్టలో వరి పండదు. మూడు పూటలా తెల్లన్నమే కావాలంటే బియ్యం కొనుక్కోండి, దానిలో తప్పేమీ లేదు. కానీ అప్పుడు "అంతా మాదే" అనే లెక్క మారుతుంది. సంగటి, రొట్టె, కొర్రన్నం తినే ఇల్లయితేనే పై అంకెలు.

4. దిగుబడిని చెడ్డ ఏడాదికి రాసుకోండి

అనంతపురం సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఎకరం మీద 22 లక్షల లీటర్లు. వినడానికి చాలా ఎక్కువ. అయితే అది మనకు కావలసిన రోజున పడదు. జూలైలో విత్తాక నలభై రోజులు ముఖం చాటేసి, కోతకు వచ్చాక మూడు రోజులు వదలకుండా కురుస్తుంది. అందుకే పక్క రైతును అడిగేటప్పుడు "ఎకరాకు ఎంత పండుతుంది?" అని అడగకండి. ఎవరైనా మంచి ఏడాది అంకే చెబుతారు, మీరైనా నేనైనా అంతే. "గడిచిన ఐదేళ్లలో ఏ ఏడాది ఎన్ని మూటలు?" అని విడివిడిగా అడిగి రాసుకోండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన రెండు అంకెల సగటు తీయండి. మీ లెక్క దాని మీదే కట్టాలి.

నేను వాడేవి: కొర్ర, జొన్న ఎకరాకు 4 క్వింటాళ్లు, వేరుశనగ కాయలు 3, కంది ఒకటిన్నర. మంచి ఏడాదిలో దీనికి రెట్టింపు వస్తుంది, ఆ మిగులు కరువు ఏడాదికి. కొర్రల్లో నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన సూర్యనంది రకం ఎనభై రోజుల్లోపే కోతకు వస్తుంది. విత్తడం ఆలస్యమైన ఏడాది వేరుశనగను పట్టుకుని వేలాడకుండా దీనికి మారండి.

5. నీళ్లను మే నెలలో కొలవండి

బోరు చూపించేవాళ్లు అక్టోబరులో చూపిస్తారు. మీరు మే నెలలో వెళ్లండి. మోటారు మూడు నాలుగు గంటలు ఆడాక, పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 72,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 15 సెకన్లయితే గంటకు 4,800 లీటర్లు.

కావలసింది ఎంత? ఎండాకాలంలో తడి భూమికి రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లు అనుకోండి. 25 సెంట్ల గడ్డికి 5,000 లీటర్లు, 15 సెంట్ల కూరగాయలకు 3,000, మనుషులకు పశువులకు కలిపి 500. మొత్తం 8,500. పై బోరు రెండు గంటలు ఆడితే చాలు. ఒకవేళ బకెట్ నిండడానికి నిమిషం పైన పడితే, లేదా మధ్యలో గాలి చిమ్మి ధార తెగిపోతే, ఆ భూమిని బోరు లేనిదిగానే లెక్కించండి. "ఇంకో బోరు వేస్తే పడుతుంది" అనే మాట మీద భూమి కొనకండి. మా వైపు ఆ మాట మీదే ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా చెబుతారు. కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కూడా తీసుకోవాలి.

బోరు లేని భూమే దొరికితే గేదెను వదిలేయండి. మేకలు, కోళ్లు, ఉలవ, కంది, చెట్ల మేతతో నడిచే ఇల్లు వేరు. దానికి విస్తీర్ణం ఎక్కువ కావాలి, నీళ్లు తక్కువ చాలు. ఇంటి పైకప్పు నీళ్లు తొట్టిలోకి పట్టండి: వంద చదరపు మీటర్ల కప్పు మీద, పోయేది పోగా, ఏడాదికి 40 వేల లీటర్లకు పైగా వస్తుంది.

6. ఐదెకరాలను పంచండి

- ఇల్లు, కొట్టం, వామి (ఎండుమేత కుప్ప), కళ్లం, పేడదిబ్బ: 20 సెంట్లు
- కూరగాయలు, నాలుగు పండ్ల చెట్లు: 15 సెంట్లు
- పచ్చిమేత: 25 సెంట్లు
- జొన్న, కొర్ర, రాగి: 2 ఎకరాల 25 సెంట్లు
- వేరుశనగ, మధ్య సాళ్లలో కంది: ఎకరం
- ఉలవ, అలసంద, పెసర: 50 సెంట్లు
- బీడు, గట్లు, వేప, తుమ్మ, చింత: 65 సెంట్లు

బీడు వదలడం దండగ అనిపిస్తుంది. వదలండి. వర్షాకాలంలో చేలల్లో పైరు ఉన్నన్నాళ్లు గొర్రెలు కాలు పెట్టే చోటు అదొక్కటే. వేరుశనగ, జొన్న చోట్లు ఏటా మార్చండి. మీ ఆరు గొర్రెల ఎరువు సరిపోదు, కాబట్టి ఎండాకాలంలో ఊరి మందను చేలో పడుకోబెట్టించండి.

వామి ఇంటి పొయ్యికి దూరంగా, గాలివాటం చూసి వేయండి. ఇది చెప్పాలా అనుకోకండి, ఏటా ఎక్కడో ఒకటి తగలబడుతూనే ఉంటుంది.

7. నేల, ఆకారం, కాగితాలు

మూడు చోట్ల మూడేసి అడుగుల గుంట తీయించండి. అడుగులోపే గరప (గట్టి మొరం) తగిలితే ఆ భాగంలో పంట లెక్క వేయకండి, దాన్ని బీడు కింద రాసుకోండి.

ఆకారం గురించి ఎవరూ అడగరు. కంచె వేయించే రోజున ఏడుస్తారు. నలుచదరంగా ఉన్న ఐదెకరాల చుట్టుకొలత సుమారు 1,870 అడుగులు. అదే ఐదెకరాలు వంద అడుగుల వెడల్పుతో పొడవుగా ఉంటే 4,550 అడుగులు. కంచె ఖర్చు రెండున్నర రెట్లు. కంచె లేకుండా కుదరదా? అడవి పందులు ఒక్క రాత్రిలో వేరుశనగ తవ్వేస్తాయి. ఆలూరు, ఆదోని వైపు అయితే జింకల మందలు మొలకలోనే మేసేస్తాయి.

అడంగల్ (సాగు రికార్డు), 1బీ (యాజమాన్య రికార్డు), ఈసీ (భూమి మీద లావాదేవీల పత్రం) తీసుకోండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. డీ-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి, తక్కువకు వస్తుందంటే ఎందుకు తక్కువో అర్థం చేసుకోండి. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించే చట్టం 1977 నుంచి ఉంది. ఈ విషయంలో నా మాట కాదు, న్యాయవాది మాట వినండి.

8. ఒక ఏడాది కౌలు

కొనేముందు అదే ఊళ్లో రెండెకరాలు కౌలుకు తీసుకుని ఒక ముంగారు (ఖరీఫ్) పంట తీయండి. మీ చేతులు ఎన్ని ఎకరాలు మోస్తాయో అప్పుడు తెలుస్తుంది. ఇద్దరు మనుషులు రోజూ పేడ తీసి, పాలు పిండి, గడ్డి కోసి, ఆపైన కలుపు కూడా తీయాలంటే ఐదెకరాలే ఎక్కువ. కూలి ఖర్చు రాసుకోకుండా వేసిన లెక్క లెక్క కాదు.

9. పశువులను చివర తెండి

ఇక్కడ నేను దెబ్బతిన్నాను. మొదటి ఏడాది ఆగస్టులో, గట్లన్నీ పచ్చగా ఉన్నాయని మురిసిపోయి రెండు గేదెలు తెచ్చాను. అప్పటికి నేపియర్ నాటలేదు. ఫిబ్రవరికి వామి అయిపోయింది. మార్చి అంతా చొప్ప కొన్నాను. ఏప్రిల్‌లో సంతకు తోలితే, నాలాంటివాళ్లే సంత నిండా ఉన్నారు. కొన్న ధరలో సగానికి ఇచ్చి వచ్చాను.

వరుస ఇది: ముందు కంచె, తరువాత నేపియర్. అది ఒక కోతకు వచ్చాక కోళ్లు. మొదటి పంట చొప్ప వామికెక్కాక గొర్రెలు. గేదె అన్నిటికంటే చివర, రెండో ఏడాది.

ఒక్క గేదెతో ఏడాది పొడవునా పాలుండవు. ఒట్టిపోయిన నాలుగైదు నెలలు కొనుక్కోవాలి, లేదా పొరుగింటితో చేబదులు పెట్టుకోవాలి. ఆ నెలల కోసం రెండో గేదె తెచ్చారంటే మరో రెండెకరాల మేత తెచ్చుకోవాలి. దాణా కూడా పూర్తిగా మీ చేలో దొరకదు. ఇంటి నూనె ఆడిస్తే వచ్చే చెక్క ముప్పై అయిదు కిలోలే, పాలిచ్చే గేదెకు అది నెలకు మించి రాదు.

టీకాలు వానలకు ముందే వేయించండి: గొర్రెలకు చిటుకరోగం, పీపీఆర్, నీలినాలుక; గేదెకు గొంతువాపు, గాలికుంటు; కోళ్లకు కొక్కెర తెగులు.

ఇక డబ్బు. పైన చెప్పినది కడుపు నింపే భూమి. పిల్లల ఫీజులు, ఆసుపత్రి, బట్టలు, బండికి పెట్రోలు ఈ ఐదెకరాల్లో పండవు. ఇంట్లో ఒకరికి వేరే సంపాదన ఉండాలి, లేదా అమ్మకపు పంట కోసం విడిగా భూమి ఉండాలి.

10. సంక్రాంతికి తనిఖీ

పండుగ మరునాడు, అంటే కనుమ రోజున, నోటుపుస్తకం తీయండి.

వామిలో ఐదు మోపులు తూచి సగటు తీసి, మోపుల సంఖ్యతో గుణించండి. కొత్త మేత చేతికొచ్చేది ఆగస్టులో. గేదెకు 200 రోజులకు 1,200 కిలోలు, దూడకు 200, గొర్రెలకు 600. మొత్తం రెండు టన్నులు ఉండాలి. గింజల గరిసెలో ఇంటికి ఎనిమిది నెలల తిండి, దానికి వేరుగా మూతికట్టిన విత్తనం ఉండాలి. అదే రోజు బోరు బకెట్ పరీక్ష చేసి, నిరుడు కనుమ నాటి అంకె పక్కన రాయండి. సెకన్లు ఏటా పెరుగుతుంటే గడ్డి మడులు తగ్గించుకోండి.

వామిలో తక్కువ పడితే ఆ వారమే నిర్ణయం తీసుకోండి. ముందు పోయేవి పొట్టేలు పిల్లలు, తరువాత రెండు ఈతలు దాటినా సరిగా పిల్లలను పెంచని తల్లి గొర్రెలు. రెండు గొర్రెలు పోతే ఆగస్టు దాకా 200 కిలోల ఎండుమేత మిగులుతుంది, అంటే గేదెకు నెల రోజులు. అప్పటికీ చాలకపోతే జనవరిలోనే చొప్ప కొని వామికెక్కించండి. మార్చిలో అదే చొప్పను లారీ బాడుగతో కలిపి కొనాల్సి వస్తుంది.